అమ్మిన లెక్క, అడిగిన లెక్క



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం పంపమని సంపాదకులు అడిగినప్పుడు కొంచెం వెనకాడాను. శాతవాహనుల మీదో కాకతీయుల మీదో రాయగల పెద్దలు మన సంఘంలోనే చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది స్టోర్స్ లెక్క ఒక్కటే. సర్వీసులో సగానికి పైగా ఇండెంట్లు, స్టాకు రిజిస్టర్లు, వార్షిక వినియోగ పట్టికలు రాయడంతోనే గడిచింది. రిటైరైన తర్వాత ఆ రంధి ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు కంపెనీల వార్షిక నివేదికలు చదువుతూ కూర్చుంటాను. షేర్లు కొనడానికి కాదు, వారి అంకెలు ఒకదానితో ఒకటి పొసుగుతాయో లేదో చూడటానికి. అటువంటి ఒక లెక్క చరిత్రే ఈ వ్యాసం.

దీనికి మూలం మా మనవడి ల్యాప్‌టాప్. మూత మీద కొరికిన యాపిల్ పండు బొమ్మ ఉంటుందే, అది. ఒకనాడు వాడు, "తాతయ్యా, ఇందులో ప్రాసెసర్ ఇప్పుడు ఆ కంపెనీ సొంతంగా డిజైన్ చేసిందే. ఇదివరకు ఇంటెల్ వాళ్లది వాడేవారు, అంతకుముందు ఐబీఎం, మోటరోలా వాళ్లవి" అన్నాడు. ఎందుకు మార్చారని అడిగాను. "వేగం చాల్లేదట, వేడెక్కిపోయేదట" అన్నాడు. నాకు తృప్తి కలగలేదు. సరుకు సరఫరా చేసేవాడు మంచి సరుకు ఇవ్వడం లేదంటే స్టోర్స్ గుమాస్తాకు ముందుగా తోచే ప్రశ్న ఒకటే: వీళ్లు ఏడాదికి ఎన్ని కొనేవారు? వాడికి తెలియదు. నేను పాత నివేదికలు తీశాను.

ముందుగా కథ కొంచెం చెప్పాలి. యాపిల్ కంపెనీ మెకింటాష్ కంప్యూటరును 1984లో తెచ్చింది. క్లుప్తంగా మ్యాక్ అంటారు. మొదటి పదేళ్లూ అందులో మోటరోలా వారి ప్రాసెసర్లే. 1991లో యాపిల్, ఐబీఎం, మోటరోలా ముగ్గురూ కలిసి ఒప్పందం చేసుకుని పవర్‌పీసీ అనే కొత్త తరహా ప్రాసెసర్లు తయారుచేయడానికి పూనుకున్నారు. డిజైన్ కోసం టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో ఉమ్మడి కార్యాలయం పెట్టారు. 1994 మార్చిలో ఆ ప్రాసెసర్లతో మ్యాక్‌లు బజారుకు వచ్చాయి. ప్రపంచంలో మిగతా కంప్యూటర్లలో అత్యధిక భాగం ఇంటెల్ తరహా ప్రాసెసర్ల మీద నడుస్తుంటే, వీరిది వేరు దారి. వేరు దారి కాబట్టి, పవర్‌పీసీ డెస్క్‌టాప్ చిప్‌లకు పెద్ద ఖాతాదారు దాదాపు యాపిల్ ఒక్కటే. ఐబీఎం తన పెద్ద యంత్రాలలో కొన్ని వాడుకునేది. మోటరోలా కార్లకూ టెలిఫోను పరికరాలకూ ఆ జాతి చిప్‌లనే వేరే రూపాల్లో అమ్మేది. ఖరీదైన, వేగమైన రకం మాత్రం యాపిల్ కోసమే అనుకోవచ్చు.

అందుచేత పవర్‌పీసీ చిప్‌ల గిరాకీ ఎంతో అంచనా వేయాలంటే యాపిల్ ఎన్ని మ్యాక్‌లు అమ్మిందో చూస్తే చాలదా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. నివేదికల్లో ఆ అంకె స్పష్టంగానే ఉండేది. 1995లో సుమారు 45 లక్షలు. 1998లో సుమారు 27 లక్షల 60 వేలు. 2000లో 45 లక్షల పైచిలుకు. 2001లో 30 లక్షల 90 వేలు. 2004లో 32 లక్షల 90 వేలు. వారి ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు ఆఖరుకు ముగుస్తుంది, మనలాగా మార్చితో కాదు. ఇది గుర్తు పెట్టుకోకపోతే ఒక ఏడాది పండుగ అమ్మకాలు ఇంకో ఏడాదిలో పడిపోతాయి.

ఒక మ్యాక్‌కు ఒక ప్రాసెసర్. కాబట్టి 45 లక్షల మ్యాక్‌లకు 45 లక్షల ప్రాసెసర్లు. ఈ లెక్క ఎంత అందంగా ఉందో అంత తప్పు. ఎక్కడెక్కడ తప్పుతుందో చెప్పడమే ఇక్కడ నా పని.

మొదటి తేడా చిన్నదే. 1995 నుంచి 1997 వరకు యాపిల్ కొన్ని ఇతర కంపెనీలకు మ్యాక్ నమూనా యంత్రాలు చేసుకునే అనుమతి ఇచ్చింది. వారూ అవే చిప్‌లు కొనేవారు. అవి యాపిల్ అమ్మకాల అంకెలో కనిపించవు. 1997లో ఆ ఏర్పాటు రద్దు చేశారు, ఆ గొడవ అంతటితో సరి.

రెండవది నిల్వ. మన స్టాకు రిజిస్టరులో ఓపెనింగ్ బ్యాలెన్స్, వచ్చినవి, ఇచ్చినవి, క్లోజింగ్ బ్యాలెన్స్ అని నాలుగు గడులు ఉంటాయి కదా. కంపెనీవారు "అమ్మాం" అన్నప్పుడు ఎక్కువగా డీలరుకు పంపిన లెక్క చెబుతారు. డీలరు కొట్టులోంచి ఇంటికి పోయిన లెక్క వేరు. 2000 సంవత్సరం ఆఖరులో ఏమి జరిగిందో చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మూడు నెలల్లో యాపిల్ 6,59,000 మ్యాక్‌లు పంపింది. అంతకుముందు ఏడాది అదే మూడు నెలల్లో పంపినవి 13,77,000. అంటే సగానికి పడిపోయింది. ఆ మూడు నెలల నష్టం 19.5 కోట్ల డాలర్లు. మరి జనం మ్యాక్‌లు కొనడం ఒక్కసారిగా సగానికి మానేశారా? లేదు. డీలర్ల దగ్గర 11 వారాలకు పైగా సరిపడే సరుకు పేరుకుపోయి ఉంది. దానిని సుమారు అయిదున్నర వారాలకు దించడం కోసం కంపెనీ కొత్త సరుకు పంపడం తగ్గించింది. అమ్మకాలు మందగించిన మాట నిజమేగాని, ఆ అంకె చూపినంత కాదు. ఈ 6,59,000 అంకెను నాలుగుతో గుణించి ఏడాది చిప్‌ల గిరాకీ కట్టినవాడు బాగా తక్కువ కట్టినవాడవుతాడు. అంతకుముందు ఏడాది అంకెను నమ్మినవాడు ఎక్కువ కట్టినవాడు. డీలరు గోదాములో కూర్చున్న పెట్టెలోనూ ఒక ప్రాసెసర్ ఉంది. దానిని చిప్ కంపెనీ ఎప్పుడో అమ్మేసుకుంది. మళ్లీ ఆర్డరు మాత్రం ఆ పెట్టె ఖాళీ అయ్యేదాకా రాదు.

సొంత కంపెనీవారే ఈ అంచనాలో బోర్లాపడ్డ సందర్భం ఇంకొకటి ఉంది. 1995లో కొనేవారు ఎదురుచూస్తుంటే సరుకు అందించలేక ఆర్డర్లు గుట్టలుగా పెండింగు పడ్డాయి. దానికి విరుగుడుగా విరివిగా తయారుచేశారు. ఆ శీతాకాలం అవి మిగిలిపోయాయి. 1996 జనవరి–మార్చి మూడు నెలల్లోనే 74 కోట్ల డాలర్ల నష్టం చూపారు. అందులో 38.8 కోట్లు అమ్ముడుపోని నిల్వల విలువ రాసివేసినందుకే. మన కార్యాలయాల్లో వంద రూపాయల సరుకు రాసివేయాలంటే సర్వే రిపోర్టు, డివిజను నుంచి ఆమోదం, ఆడిట్ అభ్యంతరం, మళ్లీ సమాధానం!

ఈ తప్పులన్నీ సరిదిద్దుకోవచ్చు. ఓపికగా నిల్వలు కూడి తీసివేస్తే సరిపోతుంది. మూడవ తప్పు అటువంటిది కాదు. దాని సంగతి చెప్పడానికి ముందు నా సొంత పాపం ఒకటి ఒప్పుకోవాలి.

1984వ సంవత్సరం. నేను ఒక శాఖ జిల్లా కార్యాలయంలో స్టోర్స్ సీటులో యు.డి.సి.ని. ఏజెన్సీ ప్రాంతంలో ఉన్న హాస్టళ్లకు దుప్పట్ల ఇండెంటు తయారుచేయాలి. స్టాకు రిజిస్టరు తీశాను. క్రిందటేడు ఇచ్చినవి 640. దాని మీద ఇరవై కలిపి 660కి ఇండెంటు పెట్టాను. సూపరింటెండెంటు గారు సంతకం చేశారు. దుప్పట్లు వచ్చాయి, పంపించాం. డిసెంబరు నెలలో ఒక వార్డెను బస్సు దిగి నా టేబులు దగ్గరకు వచ్చి నిలబడ్డారు. ఆయన హాస్టల్లో ఒక్కో దుప్పట్లో ఇద్దరేసి పిల్లలు పడుకుంటున్నారట. కొండ మీద చలి మీకు తెలియనిది కాదు. "మీరు ముందే రాయలేదేమండీ?" అన్నాను. "పోయినేడు రాశాం బాబూ. లేవన్నారు. అడిగినా రావు గదా అని ఈసారి రాయలేదు" అన్నారు.

అప్పుడు పాత కాగితాలు తిరగేస్తే, క్రిందటేడు వచ్చినవే 640. వచ్చినవన్నీ ఇచ్చేశారు. కావలసినవి 850. రిజిస్టరులో 640 అనే అంకె పిల్లల అవసరం కాదు, గోదాము లోతు. నేను ఆ లోతును కొలిచి, ఇదే అవసరం అని రాశాను. ఆ మరుసటి ఏడు నుంచి రిజిస్టరు మార్జిన్లో పెన్సిలుతో ఒక గడి గీసుకున్నాను, "అడిగి, లేదనిపించుకున్నవి" అని. రెండేళ్లు నడిచింది. తర్వాత ఆడిట్ పార్టీవారు నిర్ణీత ఫారంలో లేని గడి ఎందుకున్నదని అడిగారు. రబ్బరుతో తుడిచేశాను.

ఇప్పుడు 1999కి రండి. ఆ ఏడు ఆగస్టు ఆఖరున యాపిల్ జీ4 అనే పవర్‌పీసీ ప్రాసెసర్‌తో కొత్త యంత్రాలు ప్రకటించింది. చిప్‌ల తయారీ మోటరోలాది. గిరాకీ బాగానే వచ్చింది, చిప్‌లు రాలేదు. సెప్టెంబరు 20న యాపిల్ బహిరంగంగానే చెప్పింది, జీ4 చిప్‌ల కొరత వల్ల ఈ మూడు నెలల ఆదాయం అనుకున్నదానికంటే తగ్గుతుందని. అన్నిటికన్నా వేగమైన 500 మెగాహెర్ట్జ్ రకం సరిపడా తయారవక, అక్టోబరులో మూడు మోడళ్ల వేగాన్నీ 50 మెగాహెర్ట్జ్ చొప్పున తగ్గించి, ధర మాత్రం తగ్గించలేదు. అప్పటికే ఆర్డరు ఇచ్చినవారు గోల చేయగా వారి విషయంలో వెనక్కి తగ్గారు. ఆ మూడు నెలల అమ్మకాల అంకె చూసి చిప్‌ల గిరాకీ కట్టేవాడు నా 640 దుప్పట్ల లెక్కే కడుతున్నాడు. మోటరోలా ఎన్ని ఇవ్వగలిగిందో అన్నే అమ్ముడయ్యాయి. అదే గిరాకీ అనుకుని మోటరోలా మరుసటి ఏడుకు ప్రణాళిక వేసుకుంటే, కొరత కొరతనే పుట్టిస్తుంది.

వేగం పెంచలేకపోయిన ఆ రోజుల్లోనే లెక్కకు మరో చిక్కు వచ్చిపడింది. 2000 జూలైలో ఒక్కో యంత్రంలో రెండేసి జీ4లు పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. 2002 ఆగస్టులో పవర్ మ్యాక్ రకాలన్నిటిలోనూ రెండేసి పెట్టారు. కొన్ని నెలలకే ఒక రకంలో మళ్లీ ఒకటే. కాబట్టి "ఒక మ్యాక్‌కు ఒక ప్రాసెసర్" అన్న సూత్రం పోయింది. ఏ మోడలు ఎన్ని అమ్ముడయ్యాయో తెలిస్తేగాని చిప్‌ల సంఖ్య రాదు. దీనికి ముచ్చటైన ఉదాహరణ వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం. 2003లో వారు 1,100 పవర్ మ్యాక్‌లు కొని, వాటిని కలిపి ఒక సూపర్ కంప్యూటరు కట్టారు. ఆ నవంబరులో ప్రపంచ జాబితాలో మూడవ స్థానం వచ్చింది. యంత్రాలు 1,100, ప్రాసెసర్లు 2,200.

ఆ 2,200 ప్రాసెసర్లు జీ5 అనే రకం. చేసింది ఐబీఎం, న్యూయార్క్ రాష్ట్రంలోని ఈస్ట్ ఫిష్‌కిల్‌లో సుమారు 250 కోట్ల డాలర్లతో కట్టిన కొత్త కర్మాగారంలో. మోటరోలాతో విసిగిన యాపిల్ ఐబీఎం వైపు మళ్లింది. 2003 జూన్‌లో స్టీవ్ జాబ్స్ వేదిక మీద 2 గిగాహెర్ట్జ్ జీ5 చూపించి, ఏడాదిలో 3 గిగాహెర్ట్జ్ ఇస్తామని మాట ఇచ్చాడు. ఏడాది తిరిగింది. వచ్చింది 2.5, అదీ వేడి తట్టుకోవడానికి లోపల నీళ్ల గొట్టాలవంటి ఏర్పాటుతో. కొత్త పద్ధతిలో చేసిన చిప్‌లలో పనికిరానివి ఎక్కువ పోతున్నాయని ఐబీఎం కూడా ఒప్పుకుంది. 2004 జూలైలో యాపిల్ పాత ఐమ్యాక్‌లకు ఆర్డర్లు ఆపేసింది. జీ5 పెట్టిన కొత్త ఐమ్యాక్ సెప్టెంబరుదాకా రాదని చెప్పింది. అంటే వేసవి సెలవుల్లో, పిల్లలు కాలేజీలకు పోయే ముందు, కొట్లలో ఐమ్యాక్ లేదు. మళ్లీ 640 దుప్పట్లే.

ఇక 2004 లెక్క కడదాం. ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, తొందరపడేవారు ఈ రెండు పేరాలు దాటిపోవచ్చు. ఆ ఏడాది 32 లక్షల 90 వేల మ్యాక్‌లలో ల్యాప్‌టాప్‌లు 16,65,000. వాటిలో జీ5 ఒక్కటీ లేదు. ఆ చిప్ వేడికి ల్యాప్‌టాప్ తట్టుకోలేదు. ఐమ్యాక్ వర్గం 9,16,000. వీటిలో జీ5 ఏడాది చివరి రోజుల్లోగాని రాలేదు. మిగిలినవి పవర్ మ్యాక్ వర్గం, 7,09,000. వీటన్నిటిలోనూ జీ5 ఉందనీ, ప్రతిదానిలో రెండేసి ఉన్నాయనీ ఉదారంగా అనుకున్నా 14,18,000 చిప్‌లు. అసలు సంఖ్య ఏడు లక్షలకూ పద్నాలుగు లక్షలకూ మధ్య ఎక్కడో ఉంటుంది. 32 లక్షల 90 వేలు అన్న అంకె చూసి మొదలుపెట్టినవాడు ఎక్కడికి దిగవలసి వచ్చిందో చూశారా.

ఇప్పుడు కర్మాగారం వైపు నుంచి. చిప్‌లను దాదాపు అడుగు వ్యాసం గల గుండ్రటి సిలికాన్ బిళ్లల మీద చేస్తారు. పెద్ద దోసె అంత ఉంటుంది. వేఫర్ అంటారు. 2004లో వచ్చిన జీ5 చిప్ 66 చదరపు మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరంత. 300 మిల్లీమీటర్ల వేఫర్ వైశాల్యాన్ని దానితో భాగిస్తే 1,070 వస్తుంది. గుండ్రటిదానిలో చదరాలు కోస్తే అంచుల్లో వృథా పోతుంది కాబట్టి 950 అనుకుందాం. అందులో సగం పాడైపోయాయనుకున్నా 475 మంచివి. పద్నాలుగు లక్షల పైచిలుకు చిప్‌లకు వేఫర్లు మూడు వేలు. ఆ ఏడాది మొదట్లో వాడిన చిప్‌లు సైజులో ఇంకా పెద్దవి. అందుకోసం రెట్టింపు వేసుకున్నా ఆరు వేలు. నెలకు 500. అటువంటి పెద్ద కర్మాగారాలు నిండుగా నడవాలంటే నెలకు వేల సంఖ్యలో వేఫర్లు కావాలి. 250 కోట్ల డాలర్ల రైసు మిల్లు కట్టి, ఒక ఇంటి వాళ్ల వడ్లు ఆడించినట్లుంది.

కొనేవాడు చిన్నవాడైతే సరుకు రాకపోవడం ఒక బాధ. అంతకన్న పెద్ద బాధ, అతని కోసం కొత్త సరుకు ఎవరూ చేయరు. యాపిల్‌కు కావలసింది ల్యాప్‌టాప్‌లో ఇమిడే, తక్కువ విద్యుత్తు తాగే జీ5. దానిని డిజైన్ చేయడానికి అయ్యే ఖర్చు ఎన్ని చిప్‌ల మీద పంచాలి? 2005లో అమ్మిన ల్యాప్‌టాప్‌లు 20,14,000. పోలికకు ఒక నిజమైన అంకె చూద్దాం. వీడియో ఆటల యంత్రం కోసం సెల్ అనే ప్రాసెసర్ చేయడానికి సోనీ, తొషిబా, ఐబీఎం కలిసి 2001లో అయిదేళ్లకు 40 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించాయి. ఆ ప్రాసెసర్ వాడిన ప్లేస్టేషన్ 3 యంత్రాలు తర్వాతి కాలంలో 8 కోట్ల 70 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. యంత్రానికి పంచితే అయిదు డాలర్ల లోపు. అదే 40 కోట్లను 20 లక్షల ల్యాప్‌టాప్‌ల మీద పంచితే ఒక్కోదానికి 200 డాలర్లు. మూడేళ్లపాటు పంచినా 66. ల్యాప్‌టాప్ చిప్‌కు అంత ఖర్చు కాకపోవచ్చు, ఉన్న జీ5నే సవరిస్తే సరిపోవచ్చు. సగమనుకోండి, పావు అనుకోండి. తేడా అయినా కొట్టొచ్చినట్టే ఉంది. ఆ సంవత్సరాల్లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360కీ, నింటెండో వీకీ కూడా ప్రాసెసర్ ఐబీఎంవారిదే. ఈ మూడు ఆట యంత్రాలూ తమ జీవితకాలంలో కలిసి సుమారు 27 కోట్లు అమ్ముడయ్యాయి.

2005 జూన్ 6న జాబ్స్ తన సాఫ్ట్‌వేర్ నిపుణుల సభలో ఇంటెల్‌కు మారుతున్నామని ప్రకటించాడు. 3 గిగాహెర్ట్జ్ మాట నిలబెట్టుకోలేకపోయామనీ, జనం అడిగే జీ5 ల్యాప్‌టాప్ ఇవ్వలేకపోయామనీ ఒప్పుకున్నాడు. 2006 జనవరిలో మొదటి ఇంటెల్ మ్యాక్‌లు, ఆగస్టుకల్లా మొత్తం వరస మారిపోయింది. పాతవి కొన్నవారి గతి మాత్రం మెల్లగా మూతపడింది. 2009లో వచ్చిన సాఫ్ట్‌వేర్ పవర్‌పీసీ యంత్రాల మీద నడవలేదు. 2011 తర్వాత పాత పవర్‌పీసీ ప్రోగ్రాములు కొత్త యంత్రాల మీద కూడా నడవలేదు.

నా మనసులో నాటుకున్నది తర్వాతి అంకెలు. 2006లో 53 లక్షల మ్యాక్‌లు. 2007లో 70 లక్షలు. 2008లో 97 లక్షలు. అందులో ల్యాప్‌టాప్‌లు ఒక్కటే 60 లక్షలు. 2005లో ఉన్న 20 లక్షలకు మూడు రెట్లు. దీనంతటికీ ప్రాసెసరే కారణమని అనను. ఐపాడ్ సంగీత పరికరం వల్ల పేరొచ్చింది, సొంత దుకాణాలు తెరిచారు, ఇంటెల్ వచ్చాక విండోస్ కూడా అందులో నడిచింది. అయినా, మంచి ల్యాప్‌టాప్ రాలేదని కొనకుండా కూర్చున్నవారు ఆ 20 లక్షల అంకెలో ఎక్కడున్నారు? ఏ అమ్మకాల పట్టికలోనూ లేరు. అడిగినా రాదని అడగడం మానేసినవారు వాళ్లు.

ఐబీఎం లెక్క తప్పా అంటే, నేను తీర్పు చెప్పలేను. అప్పట్లో ప్రపంచంలో ఏడాదికి 20 కోట్లకు పైగా పర్సనల్ కంప్యూటర్లు అమ్ముడవుతుంటే మ్యాక్‌లు 45 లక్షలు. ఆట యంత్రాల ఒప్పందాలు చేతిలో ఉన్నాయి. రిజిస్టరు చూసి ఇండెంటు పెట్టే ఏ గుమాస్తా అయినా అలాగే చేసేవాడు, నేను చేశాను కదా. అయితే ఆట యంత్రాల ఆర్డర్లు కూడా ఆ కర్మాగారాల్ని కలకాలం మోయలేదు. 2014లో ఐబీఎం తన చిప్ కర్మాగారాలను గ్లోబల్‌ఫౌండ్రీస్ సంస్థకు ఇవ్వడానికి ఒప్పుకుని, తీసుకున్నందుకు ఎదురు 150 కోట్ల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించింది. 2015లో అది పూర్తయింది. సరుకు ఇచ్చి డబ్బు కూడా ఇవ్వడం నా సర్వీసులో చూడలేదు.

ఇప్పుడు ఈ లెక్కలు కట్టేవారికి అసలు అంకే లేకుండా పోయింది. 2018 నవంబరులో యాపిల్ ఇకమీదట ఎన్ని యంత్రాలు అమ్మిందో చెప్పబోమని ప్రకటించింది. చివరిగా చెప్పిన ఏడాదిలో 1 కోటి 82 లక్షల మ్యాక్‌లు, 2,548 కోట్ల డాలర్లు. భాగిస్తే ఒక్కోటి 1,400 డాలర్లు. ఆ తర్వాత డబ్బు లెక్క మాత్రమే ఇస్తున్నారు. 2020 నవంబరులో సొంతంగా డిజైన్ చేసిన ఎం1 ప్రాసెసర్ తెచ్చారు, తైవాన్‌లోని టీఎస్ఎంసీ చేసిపెడుతుంది. 2021లో మ్యాక్‌ల మీద వచ్చింది 3,519 కోట్లు, 2022లో 4,018 కోట్లు. పాత సగటు ధరతోనే భాగిస్తే మొదటి ఏడాది రెండున్నర కోట్లు, రెండవ ఏడాది 2 కోట్ల 87 లక్షలు వస్తుంది. సగటు ధర వంద డాలర్లు పెరిగిందనుకుంటే రెండవ అంకెలో 19 లక్షలు ఎగిరిపోతాయి. 2005లో ఏడాది మొత్తంలో అమ్మిన ల్యాప్‌టాప్‌లు దాదాపు అన్నీ ఇప్పుడు నా అంచనా తప్పులోనే ఇమిడిపోతాయన్నమాట. మనవడికి ఇది చెబితే నవ్వాడు.

ఇంకొక్క సంగతి. 2021 అక్టోబరులో ఆ ఏడాది ఆఖరి మూడు నెలల ఫలితాలు చెబుతూ కంపెనీ అధిపతి టిమ్ కుక్, చిప్‌ల కొరత, తయారీ అంతరాయాల వల్ల ఫోన్లు, ట్యాబ్లెట్లు, మ్యాక్‌లు అన్నిటి మీదా కలిపి సుమారు 600 కోట్ల డాలర్ల అమ్మకాలు పోయాయని చెప్పాడు. అడిగారు, మా దగ్గర లేదు అని అంకె వేసి చెప్పినట్లే. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. నేను 1980లలో రబ్బరుతో తుడిచేసిన గడి అది.